పచ్చ కాలనీలు చెప్పని సంగతి: రొయ్యల సాగులో సూక్ష్మజీవుల అధ్యయన నేపథ్యం

నెల్లూరు తీరంలో రొయ్యలు మేత మానేస్తే, నాలుగు రొయ్యలనూ సీసాడు చెరువు నీటినీ ఐసు పెట్టెలో పెట్టుకుని చెన్నైకి బయలుదేరే రైతులున్నారు. రాజా అన్నామలైపురంలో సీబా ఉంది. ఉప్పునీటి జీవుల పెంపకంపై పరిశోధనకు 1987లో ఏర్పడిన ఈ కేంద్ర సంస్థకు ముట్టుకాడులో ప్రయోగ క్షేత్రం కూడా ఉంది.

1994 నుంచి తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్య చెరువులను ఊడ్చిపెట్టేసినప్పుడు అందరి ప్రశ్నా ఒక్కటే: చంపుతున్నది ఏది? వైరస్ అని తేలాక, క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చింది; పరీక్ష చేయించనిదే సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) కొనకూడదన్న జాగ్రత్త రైతుల్లో పెరిగింది. అది మేలే చేసింది గానీ, వెతికిన క్రిమి ఉందో లేదో చెప్పడమే ఆ పరీక్ష పని.

2009లో వెనామీ అనే విదేశీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక, విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే, పిల్లలను పుట్టించే హేచరీలకు ఇస్తున్నారు. వాటికి కొన్ని నిర్దిష్ట వ్యాధులు సోకి లేవన్నదే ఇక్కడ ఇచ్చే హామీ. ఆ వ్యాధులు ఇక సోకవని కాదు. ఈ తేడాను రైతుకు విడమరిచి చెప్పకపోవడం, నా దృష్టిలో, చిన్న తప్పు కాదు.

ఆసియా చెరువుల్లో సీడ్ వదిలిన నెల రోజుల్లోపే రొయ్యలు చనిపోవడానికి విబ్రియో పారాహీమోలిటికస్ బ్యాక్టీరియాలోని ఒక ప్రత్యేక రకం కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ లైట్నర్ బృందం వెల్లడించింది. ఆ రకంలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంపై విషాన్ని తయారుచేసే జన్యువులు ఉంటాయి; ఆ జన్యువులు లేని అదే జాతి బ్యాక్టీరియా ఈ వ్యాధిని తేలేదు. బ్యాక్టీరియాను పెంచే ల్యాబ్ ప్లేటు మీద రెండూ పచ్చ కాలనీలుగానే, అంటే పచ్చని చుక్కల్లాంటి గుంపులుగానే, కనిపిస్తాయి. పసుపు ఎన్ని, పచ్చ ఎన్ని అని లెక్కపెట్టి ప్రోబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవుల మందు) మోతాదు నిర్ణయించే మన అలవాటుకు ఉన్న పరిమితి ఇదే. పైగా చెరువులోని బ్యాక్టీరియాలో చాలా భాగం ప్లేటు మీద అసలు పెరగదు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ జన్యువును బట్టి జీవులను వర్గీకరించవచ్చని 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ చూపిన దారి వల్లనే, రొయ్య పేగులో ఏయే కుటుంబాల సూక్ష్మజీవులు ఏ పాళ్లలో ఉన్నాయో, వాటిని ప్లేటు మీద పెంచకుండానే, నేడు చదవగలుగుతున్నారు.

రొయ్య వంశం, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల, సంగతి ఇందుకు సమాంతరంగా నడిచింది. మంచినీటి చేపల్లో, నార్వే సహకారంతో భువనేశ్వర్‌లో కుటుంబాల వారీగా ఎంపిక చేసి అభివృద్ధి పరచిన జయంతి రోహు 1997లో విడుదలైంది. మన తీరానికి చెందిన ఇండికస్ తెల్ల రొయ్య జన్యుక్రమాన్ని సీబా శాస్త్రవేత్తలు చదివింది మాత్రం ఈ దశాబ్దంలోనే. ఆ జాతి జన్యు మెరుగుదల ఇప్పుడు వారి పనిలో భాగం. ఒకే చెరువులో, ఒకే మేత తింటూ ఒక తల్లి పిల్లలు నిలబడి మరో తల్లి పిల్లలు పడిపోతే, అందులో వంశం పాలెంత, పేగులోని సూక్ష్మజీవుల పాలెంత అన్నది తేల్చాలంటే రెండింటినీ ఒకే రొయ్యలో, ఒకే రోజు కొలవాలి.