జానపదం ఎవరిది? ‘సేకరణ’ అన్న మాట రాలిపోయింది ఎక్కడంటే...

కొత్త జానపద రికార్డింగు ఒకటి జనంలోకి వెళ్లగానే ‘అది మా అమ్మమ్మ పాట’ అని ఒకరు ముందుకొస్తారు. ‘పల్లవి జనానిది, చరణాలు నావి’ అని రచయిత బదులిస్తారు. 2021 మార్చిలో ‘లవ్‌స్టోరీ’ సినిమా పాట ‘సారంగ దరియా’ మీద రేగిన గొడవ ఇదే. ఆ పాటను అమ్మమ్మ దగ్గర నేర్చుకుని టీవీ వేదిక మీద పాడింది తానేనని వరంగల్ ప్రాంత గాయని ఒకరు అన్నారు. పల్లవి తీసుకుని చరణాలు తాను రాశానన్నారు సుద్దాల అశోక్‌తేజ. గాయనికి క్రెడిట్, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల చెప్పాక అది సద్దుమణిగింది. ఆ ఒక్క పాట వరకే.

ఊళ్లు తిరిగి పాటలు రాసుకుని ‘సేకరణ: ఫలానా’ అని వేసుకున్న సేకర్తల రోజుల నుంచి క్యాసెట్ల దాకా నడిచిన కథ తెలిసిందే. ఆ మాట రాలిపోయిందని ఇప్పుడు అందరూ యూట్యూబ్‌ను తిడుతున్నారు గానీ, మలుపు అంతకుముందే వచ్చింది, పాటను క్లిక్ ట్రాక్‌కు, అంటే వేగం తప్పకుండా చెవిలో టిక్ టిక్‌మనే తాళానికి, కట్టినప్పుడు.

నాట్లలో పాడే పాటకు నిడివి ఉండదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అనో ‘వలలో’ అనో అందుకుంటారు. మడి అయ్యేదాకా చరణాలు పుడుతూనే ఉంటాయి. శ్రుతిపెట్టె లేదు కనుక గొంతు మెల్లగా పైకి జరుగుతుంది, చెయ్యి ఊపందుకుంటే వేగమూ పెరుగుతుంది. స్టూడియోలో ఇది కుదరదు. ముందు టెంపో, శ్రుతి ఖాయం చేస్తారు. నాలుగు నిమిషాల్లో పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో బీజీఎంలు ఇమడాలి. ముప్పై నలభై చరణాల్లోంచి ఏరాలి, లేదా ఆ మీటరుకు కొత్తవి రాయాలి. రచయిత పాటలోకి వచ్చింది ఈ సందులోంచే.

డప్పు సంగతీ అంతే. చెమ్మకు తోలు సడలి నాదం చప్పబడుతుంది, మళ్లీ గడ్డిమంట మీద కాచాలి. స్టూడియోలో మంట పెట్టనివ్వరు. బయట కాచి తెచ్చినా కాసేపటికే నాదం మారుతుంది, ముందు టేకుతో కలవదు. దాంతో సిర్రా చిటికెన పుల్లా (డప్పు కొట్టే పుల్లలు) పట్టే మనిషికి బదులు రెడీమేడ్ లూప్, అంటే ముందే రికార్డు చేసి తిప్పి తిప్పి వాడే దరువు, వేసేస్తారు. అదే లూప్ పది పాటల్లో ఉంటే, కాపీలను పట్టే యూట్యూబ్ యంత్రాంగం కంటెంట్ ఐడీ ఒకదాన్ని ఇంకొకటిగా పట్టుకుంటుంది. ‘ఇది మాది’ అని పడిన ఆ క్లెయిమ్‌ను ఎదిరిస్తే అవతలివారు జవాబివ్వడానికి 30 రోజుల గడువు. ఊళ్లో పాడుకునేవారికి ఈ లెక్కలు ఎవరు చెబుతారు?

పాత పాటకు కాపీరైటు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు అన్నది నిర్మాతల వాదన. చట్టం ప్రకారం తప్పేం కాదు. కొత్త చరణాలకు రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రికార్డింగుకు విడుదల తర్వాత 60 ఏళ్లు, పాడినవారికి ఆ గానం మీద 50 ఏళ్లు. 2012 సవరణ గాయకులకు రాయల్టీ కూడా చేర్చింది. పాటను మోసుకొచ్చిన మనిషి స్టూడియోలో పాడకపోతే ఈ మూడింటిలో ఆమెకు చోటు లేదు. అంతకుముందు టీవీలో పాడి ఉన్నా ఆమె హక్కు ఆ గానం వరకే, పాటకు అంటదు.

పాటను విడుదలకు పంపే ఫారంలో గాయకులు, సంగీతం, సాహిత్యం, లేబుల్ అని గడులుంటాయి. ‘సేకరణ’కు గడి లేదు. ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాంకెల కోడ్ రికార్డింగును మాత్రమే గుర్తిస్తుంది, పాట ఎక్కడిదో చెప్పదు. చాలా ఫారాల్లో సాహిత్యం దగ్గర ‘ట్రెడిషనల్’ అని వేసే వీలుంది. వేయరు, ఎందుకంటే వేస్తే ఆ వాటా రచయితకు రాదు.

ఇప్పుడు తెలివైన గాయకులు చేసే పని ఒకటుంది. ట్రాక్ కట్టకముందే పాట పాడిన పెద్దామెతో ఊరు, పేరు, ఎవరి దగ్గర నేర్చిందీ చెప్పించి, పాట మొత్తం ఆపకుండా ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు. ఏ చరణాలు పాతవి, ఏవి కొత్తవి, ఎవరికి ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకుంటున్నారు. మిక్సింగ్ అయ్యాక ఈ మాట ఎత్తితే లాభం లేదు, అప్పటికి ఫారం వెళ్లిపోయి ఉంటుంది.