ఓటీపీ వచ్చిందా చెల్లె?

డిగ్రీ అడ్మిషన్ల సీజన్‌లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఏ నెట్ సెంటర్‌లో నిలబడ్డా పొద్దంతా వినిపించే ప్రశ్న ఇది. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్ ‘దోస్త్’లో దరఖాస్తు నింపుతున్న అన్న స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా అడుగుతాడు. "ఫోన్ బాపు దగ్గరుందన్నా" అంటుంది ఊరి నుంచి వచ్చిన అమ్మాయి. బాపు పొలం కాడ ఉంటాడు. ఆయనకు కాల్ చేసి, ఆరంకెలు చదివించుకునేలోపు టైం అయిపోతుంది. మళ్లీ పంపాలి. వెనక నలుగురు గొణుగుతుంటారు. దరఖాస్తు ఆమెదే కానీ కీబోర్డు మీద ఆమె వేలు పడదు.

వరంగల్‌కు సాంకేతిక చదువు కొత్తేం కాదు. ఇప్పటి ఎన్‌ఐటీకి, అంటే అప్పటి ఆర్‌ఈసీకి, నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959లో. ఆ గేటు బయటి పిల్లలకు మాత్రం చాలాకాలం మెషీన్ అంటే టైపు మిషనే. లోయర్, హయ్యర్ పాసైతే చాలనుకునేవాళ్లు. తర్వాత కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. పీజీడీసీఏ, డీటీపీ, ట్యాలీ బోర్డులు వేలాడాయి. ఫీజు భారమే. అయినా అక్కడ కొట్టిన వేళ్లు నేర్చుకునేవాళ్లవే.

సర్కారు బళ్లలోనూ ప్రయత్నం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లు, వాటితోపాటు కాంట్రాక్టు మీద బోధకులు వచ్చారు. కాంట్రాక్టు ముగిశాక నేర్పే మనిషి లేని గదికి తాళమే దిక్కు.

అసలు మలుపు 2011 నవంబరులో వచ్చిన మీసేవ అని నాకనిపిస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, కాదనలేం. కానీ ఆన్‌లైన్ పని అంటే కౌంటర్ అవతలి మనిషికి అప్పజెప్పేది అన్న అలవాటు కూడా అక్కడే పడింది. 2016లో డిగ్రీ ప్రవేశాలు దోస్త్‌లోకి వెళ్లాయి. 2018లో ఎంసెట్ కంప్యూటర్ మీదికి మారింది. మౌస్ పట్టని పిల్లలు కూడా అక్కడే కూర్చుని రాయాలి, ఆ టెన్షన్ వేరు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక చేసింది. మరుసటి ఏడాది కేంద్రం పల్లెల్లో డిజిటల్ అక్షరాస్యత కోసం పీఎంజీదిశ పథకం తెచ్చింది: ఇంటికొకరు, 20 గంటల శిక్షణ. ఇరవై గంటల్లో సైకిల్ కూడా సరిగా రాదు. 2017–18 ఎన్‌ఎస్‌ఎస్ సర్వే నాటికి దేశంలో గ్రామీణ ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే.

ఆ లోటు కరోనాలో బయటపడింది. 2020 సెప్టెంబరు 1న సర్కారు విద్యా చానెల్ టీ–శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇల్లు నెట్టుకొచ్చింది. ములుగు ఏజెన్సీలో సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేలకు ఆన్‌లైన్ క్లాసు ఒక మాట మాత్రమే. విచిత్రమేమిటంటే అదే ఏడాది జనవరిలోనే వరంగల్ పక్కనే మడికొండలో ఐటీ కంపెనీలు సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరుచుకున్నాయి.

ఇప్పుడు ఫోన్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. అది ఎవరి జేబులో ఉందన్నదే తేడా. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేలో, 2023లో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14–18 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం.

నెట్ సెంటర్‌లో ఓటీపీ ఎట్టకేలకు పడింది. "ఆప్షన్లు రాసుకొచ్చినవా?" అన్నాడు అన్న. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం ఇచ్చింది. కాలేజీల పేర్లు వరుస నంబర్లతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. అన్న వాటిని ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టాడు.