ఛానెల్ తాళం ఎవరి దగ్గర?

వాలంటీర్లు ఏ యాప్‌లో మాట్లాడుకోవాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. మా అనువాదకుల గ్రూపులోనే మూడు రోజులుగా ఇదే రభస. డిస్కార్డ్ అని కొందరు, మ్యాట్రిక్స్ అని కొందరు, 'ఉన్న టెలిగ్రామ్‌కి ఏమొచ్చింది' అని మిగతావాళ్లు. పాతకాలపు చాట్ పద్ధతి ఐఆర్‌సీ పేరెత్తితే నవ్వే కుర్రాళ్లూ ఉన్నారు. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఆ చాట్ పురాణమంతా ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ గొడవ అర్థం కావడానికి ఒక్క రోజు చాలు: 2021 మే 26.

అప్పటికి ఓపెన్ సోర్స్ (అందరికీ కోడ్ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) ప్రపంచానికి రచ్చబండ ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లున్నది అక్కడే, వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్లున్నదీ అక్కడే. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఛానెల్ అంటే ఒక చాట్ గది. దాని పేరు ముందు ఒక్క హ్యాష్ (#) ఉంటే ఆ ఛానెల్ ఆ ప్రాజెక్టు సొంతం. దాన్ని నడిపేది ప్రాజెక్టు తరఫున నమోదైన మనుషులు. రెండు హ్యాష్‌లు (##) ఉంటే ఆ విషయం మీద ఎవరైనా పెట్టుకున్న పిచ్చాపాటీ, ప్రాజెక్టుతో సంబంధం లేదు.

ఆ రోజు 700కు పైగా ఛానెళ్లు వాటిని నడిపే ఆప్‌ల (ఆపరేటర్ల) చేతుల్లోంచి జారిపోయాయి. ఉబుంటు ఛానెళ్లూ అందులో ఉన్నాయి. వాళ్లు చేసిన నేరమల్లా ఛానెల్ పైన కనిపించే టాపిక్ లైన్‌లో 'మేం లిబెరా చాట్‌కు (ఫ్రీనోడ్‌కు పోటీగా అప్పుడే పుట్టిన నెట్‌వర్క్) వెళ్లాం' అన్న అర్థంలో ఒక ముక్క రాసుకోవడమే. ఫ్రీనోడ్ యాజమాన్యం ఆ లైన్ తుడిచేసి, నిబంధనలు ఉల్లంఘించారని రాసి, ఉన్నవాళ్లను అదే పేరుతో ఉన్న రెండు హ్యాష్‌ల ఛానెల్‌కు పొమ్మన్నారు. అంటే ఏళ్ల తరబడి తమ ప్రాజెక్టు పేరుతో అక్కడ కూర్చున్నవాళ్లకు, మీ పేరు మీది కాదు, మీరు బయటివాళ్లు అని చెప్పినట్టు. తెలియనివాళ్లకు ఒక్క గుర్తే కదా అనిపిస్తుంది. తెలిసినవాళ్లకు మాత్రం సొంతింటి ముందు నేమ్‌ప్లేట్ పీకేసినట్టుంది.

ఇంతవరకూ ఎలా వచ్చిందో తెలియాలంటే 2017కు వెళ్లాలి. ఆ ఏడాది ఫ్రీనోడ్ లిమిటెడ్ అనే బ్రిటన్ కంపెనీ, వీపీఎన్ వ్యాపారి ఆండ్రూ లీ చేతికి వచ్చింది. తర్వాత రాజీనామా చేసిన ఫ్రీనోడ్ సిబ్బంది చెప్పింది ఇదీ: ఆ కంపెనీ పెట్టింది బ్రిస్టల్‌లో జరిగే సదస్సు లెక్కల కోసమే, నెట్‌వర్క్ రోజువారీ పనిలో ఎవరూ వేలు పెట్టరని మాకు మాటిచ్చారు. వాళ్లు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ పదును పోలేదు. సర్వర్లు దాతలవి. కాపలా కాసిన సిబ్బందిలో జీతం తీసుకున్నవాళ్లు లేరు. ఛానెళ్లు ప్రాజెక్టులవి. మరి అమ్మింది దేన్ని?

నాలుగేళ్లు ఎవరూ గట్టిగా అడగలేదు. 2021 మొదట్లో ఫ్రీనోడ్ సైట్ మీద లీకి సంబంధించిన ఓ కంపెనీ లోగో ప్రత్యక్షమయ్యాక గుసగుసలు మొదలయ్యాయి. కంపెనీని అమ్మిన సిబ్బంది పెద్ద తప్పుకున్నారు. మే 19న మిగతా వాలంటీర్లలో ఎక్కువమంది ఒక్కసారిగా బయటికొచ్చి, అదే రోజు లిబెరా చాట్ తెరిచారు. ఈసారి కంపెనీ కాదు, స్వీడన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంఘం. వారం తిరిగేసరికి పైన చెప్పిన మే 26.

లీ వాదన వేరు. తాను చట్టప్రకారం కొన్నానని, డబ్బు పెట్టానని, నెట్‌వర్క్‌ను లాక్కోజూసింది సిబ్బందేనని ఆయన అన్నారు. ఛానెళ్ల మీద చర్యను నిబంధనల అమలుగా చెప్పుకొన్నారు. జూన్ నెల సగం గడిచేసరికి పాత డేటాబేస్ పక్కన పడేసి నెట్‌వర్క్‌ను కొత్తగా మొదలుపెట్టారు. నమోదైన నిక్‌లు (వాడుకరుల మారుపేర్లు), ఛానెళ్లు అన్నీ గల్లంతు. రిజిస్ట్రేషన్ కోసం గొడవపడ్డవాళ్లకు ఆఖరికి రిజిస్ట్రేషనే లేకుండా పోయింది.

డెబియన్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లకు ఈ సెగ తగల్లేదు. వాళ్లు 2006లోనే తమ ఐఆర్‌సీ చిరునామాను ఓఎఫ్‌టీసీ అనే వేరే నెట్‌వర్క్ వైపు తిప్పేసుకున్నారు. అందరికీ తెలిసిన ఆ చిరునామా డెబియన్ సొంత డొమైన్ మీదే ఉంది కాబట్టి ఇల్లు మారినా అడ్రస్ మారలేదు. నాకు తెలిసి ఈ మొత్తం కథలో పనికొచ్చే చిట్కా ఇదొక్కటే, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

తర్వాతి గొడవల్లోనూ ఇదే ముడి. 2023 ఆగస్టులో లిబెరాకూ మ్యాట్రిక్స్‌కూ మధ్య మాటలు చేరవేసే వంతెన మూతపడింది. మ్యాట్రిక్స్ నుంచి మాట్లాడేవాళ్లు అటే ఉండిపోయారు. 2025 జూన్‌లో కుబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్లకు, వాళ్లు మాట్లాడుకునే స్లాక్ యాప్ కంపెనీ నుంచి, మీ స్లాక్‌ను ఉచిత ప్లాన్‌లోకి దించుతున్నాం అని కొద్ది రోజుల గడువుతో కబురొచ్చింది. ఉచిత ప్లాన్ అంటే 90 రోజుల వెనకటి మాటలు కనిపించవు. లక్షల్లో సభ్యులున్న చోట గగ్గోలు పుట్టాక కంపెనీ వెనక్కి తగ్గింది. చిన్న గుంపు అరిస్తే ఎవరు తగ్గుతారు?

మా గ్రూపులో డిస్కార్డా, మ్యాట్రిక్సా అని ఓటింగ్ పెట్టారు. ఓటేసే ముందు, ఇప్పుడున్న టెలిగ్రామ్ గ్రూపుకు ఓనర్ ఎవరో చూద్దామని సభ్యుల జాబితా తెరిచాను. నేను చేరకముందు గ్రూపు పెట్టిన ఎవరో అన్న, ఆయన్ని మాలో ఎవరం కలవలేదు. పేరు కింద 'లాస్ట్ సీన్ ఎ లాంగ్ టైమ్ అగో' అని ఉంది.