లేదన్న చోటా పల్లాడియమే

పల్లాడియం అనే లోహం లేకుండానే సుజుకి చర్య, అంటే కార్బన్‌ను కార్బన్‌తో అతికించే ఓ రసాయన చర్య, చేశామని 2021లో చైనా పరిశోధకులు ప్రకటించారు. దాని బదులు ఓ అమీన్ (నైట్రోజన్ ఉండే ఓ రకం కర్బన పదార్థం) సరిపోయిందట. రసాయన శాస్త్రం తెలిసినవాళ్లలో చాలామందికి వెంటనే అనుమానం వచ్చింది. వాళ్లు ఇలాంటి మాట వినడం అది మొదటిసారి కాదు మరి.

కార్బన్‌ను కార్బన్‌తో కావలసిన చోటే అతికించడం ఒకప్పుడు పెద్ద తలనొప్పి. 1971లో జపాన్‌లో మిజొరోకి, 1972లో అమెరికాలో హెక్ పల్లాడియంతో దారి చూపారు. తర్వాత నెగిషి జింక్‌తో, 1979లో సుజుకి, మియౌరా బోరాన్‌తో దాన్ని ఇంకా సులువు చేశారు. హెక్, నెగిషి, సుజుకిలకు 2010లో నోబెల్ వచ్చింది. అప్పటికి మిజొరోకి లేరు. సుజుకి తన పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. బీపీ మందు లోసార్టన్ తయారీకీ ఆ చర్యను వాడారు.

ఇందులో పల్లాడియం పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఒక జంటను కలిపి తను తప్పుకుంటుంది, ఇంకో జంట దగ్గరికి పోతుంది. అందుకే కాస్తంత ఉన్నా చాలు. కానీ అది ఖరీదైన లోహం. గనుల నుంచి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం రష్యా, దక్షిణాఫ్రికాలదే. పైగా నోటితో వేసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు మించి ఉండకూడదు. ఫ్యాక్టరీల్లో దాన్ని వడకట్టి తీసేయడమే ఓ ప్రత్యేకమైన పని. దాని పీడ వదిలించుకోవాలన్న ఆశ అక్కడ పుట్టింది.

2003లో లండన్‌లో లెడ్‌బీటర్ బృందం లోహమే లేకుండా, నీళ్లలో, మైక్రోవేవ్ వేడితో సుజుకి చర్య జరిగిందని రాసింది. రెండేళ్లకు ఆ బృందమే తిరిగి పరీక్షించి అసలు సంగతి చెప్పింది. వాడిన సోడియం కార్బొనేట్‌లో, అంటే మన బట్టల సోడాలో, వంద కోట్ల పాళ్లకు 50 పాళ్ల పల్లాడియం ఉంది. టన్నుకు 50 మిల్లీగ్రాములన్నమాట! తమ తప్పు తామే బయటపెట్టడం, నా దృష్టిలో, మొదటి పేపర్ కంటే గొప్ప పని.

గిన్నె సరిగా కడగకపోతే తోడు వేయకుండానే పాలు తోడుకుంటాయి కదా, ఇదీ అంతే. కలపడానికి వాడే అయస్కాంతపు పుల్లల గీతల్లో కూడా పాత లోహం దాక్కుంటుందని 2019లో మాస్కో శాస్త్రవేత్తలు చూపించారు.

2021 నాటి అమీన్ కథ ఇంకా విడ్డూరం. పరీక్షిస్తే అందులో పల్లాడియం కలిసి ఉందని తేలింది. ఆ అమీన్‌ను తయారుచేసింది కూడా పల్లాడియం వాడే సుజుకి చర్యతోనే. ఆ ఏడాది చివర్లో పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు.