సొరంగాల నుదుటి రాతలు: తైవాన్ పాత రైలు మార్గాల్లో చెక్కిన అక్షరాల వెనక చరిత్ర

తైవాన్ ఈశాన్య తీరంలోని ఫులోంగ్ స్టేషన్ దగ్గర సైకిల్ అద్దెకు తీసుకుని కొండల వైపు తొక్కితే త్సావోలింగ్ పాత సొరంగం వస్తుంది. 1924లో దీన్ని తవ్వడం పూర్తయింది. 1986లో పక్కనే రెండు పట్టాల కొత్త సొరంగం రావడంతో ఇందులో రైళ్లు ఆగిపోయాయి. ఇరవై ఏళ్లకు పైగా ఖాళీగా పడి ఉన్నాక 2008లో సైకిళ్ల దారిగా తెరిచారు. పొడవు 2,167 మీటర్లు. ముఖద్వారం పైన రాతి పలక మీద మూడు పెద్ద చైనా అక్షరాలున్నాయి, ఒక్కో అక్షరం ఒక్కో మాట. పాత పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదవాలి: ప్రకృతి పెట్టిన గండాన్ని లొంగదీశాం. అటు చివర, సముద్రం కనిపించే వైపు, నాలుగు అక్షరాలు: తెల్ల మబ్బులు ఎగిరే చోటు.

సైకిలు ఆపి ఫొటో తీసుకునేవాళ్లకు అదొక అందమైన పాత రాత. నిజానికి అది ప్రభుత్వం రాయించిన రాత. మొదటి పలక రాసింది కాకు సగటారో, అప్పటి జపాన్ వలస పాలనలో గవర్నర్ జనరల్ తర్వాతి స్థానంలో ఉన్న అధికారి. రెండోది రైల్వే శాఖ అధిపతిది. తైవాన్‌లో ఇలాంటి పాడుబడిన సొరంగాలు చాలా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా బాగుచేసి నడక దారులుగా, సైకిల్ దారులుగా మారుస్తున్నారు. అలా మార్చిన ప్రతిచోటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఈ రాతలను ఏం చేయాలి? శుభ్రం చేసి మెరిపించాలా, ఒకప్పుడు చెరిపేసిన భాగాలను మళ్లీ చెక్కాలా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయాలా? ఇందులో ఏదో ఒకటి అనేముందు ఆ రాతలు అక్కడికి ఎలా వచ్చాయో, వాటిలో కొంత ఎలా పోయిందో తెలియాలి.

సొరంగం మీద గర్వంగా నాలుగు మాటలు చెక్కడం జపాన్‌తో మొదలైన అలవాటు కాదు. తైవాన్ చైనాలోని చింగ్ సామ్రాజ్యం కింద ఉన్నప్పుడు మొదటి ప్రాంతీయ గవర్నర్ లియు మింగ్‌చువాన్ 1887లో రైలు పనులు మొదలుపెట్టాడు. కీలుంగ్ రేవు నుంచి తైపే వైపు రావాలంటే షిచ్యూలింగ్ కొండ అడ్డం. 1888 నుంచి 1890 వరకు సైనికుల చేత దాన్ని తొలిపించారు. ఉత్తరం వైపు జారిపోయే మెత్తటి మట్టి, దక్షిణం వైపు పలుగు దిగని రాయి. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. అంతా కలిపి 235 మీటర్లే, కానీ ఆ పరికరాలతో రెండేళ్లకు పైగా పట్టింది. దక్షిణ ద్వారం మీద లియు తన రాత చెక్కించాడు, పక్కన ఒక ద్విపద కూడా పెట్టించాడు. మనిషి బలం దేవుడి పనితనాన్నే మించిపోయింది అని అందులో ఒక మాట ఉంటుంది. తవ్వింది సైనికులు. ఆ పలక మీద వాళ్ల ఊసు లేదు. ఈ లోటు తర్వాతి కాలానికీ అలాగే అందింది.

1895 ఏప్రిల్‌లో షిమోనోసెకి ఒప్పందంతో తైవాన్ జపాన్ చేతికి వెళ్లింది. కొత్త పాలకులకు లియు వేసిన లైను నచ్చలేదు. మలుపులు ఎక్కువ, ఎత్తుపల్లాలు ఎక్కువ. 1898లో కీలుంగ్ దగ్గర దారి మార్చడంతో షిచ్యూలింగ్ సొరంగం పనిలేకుండా పోయింది. తైవాన్ రైల్వేలో తొలి సొరంగం ఎనిమిదేళ్లకే మూతపడింది.

జపాన్‌కు ఆ దీవిలో రైలు ఎందుకు అంత అవసరమైందో ఇక్కడే చెప్పాలి. 1895లో స్థానికులు ఆయుధాలు పట్టి ఎదిరించారు. ఆ పోరు ఆ ఏడాదితో ఆగలేదు. 1898లో బందిపోట్ల శిక్షా చట్టం పేరుతో ఉరిశిక్షలకు వీలిచ్చే శాసనం తెచ్చారు. సైన్యాన్ని వేగంగా తరలించడానికి పట్టాలు కావాలి. తర్వాత పంచదార, బియ్యం, కర్పూరం, బొగ్గు రేవులకు చేరాలి. 1899లో ఉత్తరాన కీలుంగ్ నుంచి దక్షిణాన నేటి కావోసియుంగ్ దాకా ప్రధాన లైను మొదలుపెట్టారు. అనుమతించిన ఖర్చు 2 కోట్ల 88 లక్షల యెన్లు, అదీ బాండ్ల అప్పు. 1908లో దాదాపు 400 కిలోమీటర్ల లైను పూర్తయింది.

ఈ పని వెనక ఉన్న మనిషి గోటో షింపెయ్. చదివింది వైద్యం. 1898 నుంచి 1906 వరకు తైవాన్ పౌర పాలన ఆయన చేతిలోనే నడిచింది. మియావోలిలో 1903 నాటి సొరంగం మీద ఆయన మూడు అక్షరాలు రాశాడు: గోంగ్ వెయ్ షు. పనులు క్రమంలో అమరాయి అని అర్థం. 460 మీటర్ల ఆ సొరంగంలో ఇప్పుడు జనం నడుస్తున్నారు. విశేషం ఏమిటంటే దాని పేరే గోంగ్‌వెయ్‌షు సొరంగం అయిపోయింది. ఒక వలస అధికారి రాత ఊరి పేరులా నోళ్లలో నానుతోంది.

జపాన్ అధికారి చైనా సంప్రదాయ భాషలో ఎందుకు రాశాడన్న అనుమానం రావచ్చు. ఆ కాలపు జపాన్ చదువుకున్నవాళ్లకు ఆ భాష బడిలోనే వచ్చేది. తైవాన్ పెద్ద కుటుంబాల చదువు కూడా అదే. అంటే పాలకుడు రాసింది పాలితుల్లోని పండితులకు దుబాసీ లేకుండా అర్థమవుతుంది. 1900లో గవర్నర్ జనరల్ కొడామా గెంటారో స్థానిక పండితులను పిలిచి సభ పెట్టి గౌరవించడం కూడా ఈ లెక్కలోదే. ఒక చేత్తో శిక్షా చట్టం, ఇంకో చేత్తో కవితాగోష్ఠి. సొరంగం మీది రాతను కూడా ఈ రెండో చేతి పనిగానే నేను చూస్తాను.

గోటో రాసిన మాట ఊరికే రాసింది కాదు. ప్రాచీన చైనా రాజుల మాటలు చేర్చిన 'షు జింగ్' గ్రంథంలోది. వరదలను అదుపు చేసినవాడిగా పేరున్న యూ, మంచి పాలన ఎలా ఉండాలో చెబుతూ అన్న మాట అది. తొమ్మిది పనులూ క్రమంలో అమరాలి, అలా అమరినవాటిని జనం పాటగా పాడుకోవాలి అంటాడు యూ. గోటో మొదటి సగం తీసుకున్నాడు. పాట సంగతి పలక మీదికి రాలేదు. ఆ గ్రంథం చదివినవాళ్లకు మిగతా సగం గుర్తొస్తుందని ఆయనకు తెలిసే ఉంటుంది. తనను తాను యూ వరసలో నిలబెట్టుకున్నాడు.

త్సావోలింగ్ మూడు అక్షరాలకూ ఇలాంటి మూలమే ఉంది. చైనా ప్రాచీన జోస్య గ్రంథం 'యీ జింగ్' మీది పాత వ్యాఖ్యలో, ప్రకృతి పెట్టిన గండం ఎక్కడానికి వీలుకానిది అని ఉంటుంది. కాకు సగటారో పలక సరిగ్గా ఆ గండాన్నే పేరు పెట్టి పిలిచి, దాన్ని లొంగదీశాం అంటుంది. ఎంత పెద్ద మాట! ఆ మాటకు వెనక కారణం లేకపోలేదు. ఇలాన్ మైదానాన్ని తైపే నుంచి కొండల గోడ వేరుచేస్తుంది. 1917లో మొదలైన ఇలాన్ లైనులో చివరిదాకా మిగిలిన ముడి ఈ సొరంగమే. 1921 డిసెంబరులో తవ్వడం మొదలై 1924 అక్టోబరుకు ముగిసింది. అదే ఏడాది డిసెంబరులో మొత్తం లైను తెరిచారు. అప్పటికి తైవాన్‌లో ఇంత పొడవైన రైలు సొరంగం ఇంకొకటి లేదు. ఇలాన్ బియ్యం, కలప ఒక్క రోజులో కీలుంగ్ రేవుకు చేరే వీలు కలిగింది.

దక్షిణ ద్వారం మీది రాత గొంతు వేరు. తాంగ్ వంశ కాలపు మంత్రి ది రెన్‌జియె కొండ మీద నిలబడి, ఒంటరిగా ఎగిరే తెల్ల మబ్బును చూపించి, మా అమ్మానాన్న ఆ మబ్బు కిందే ఉంటారు అన్నాడని ఒక కథ. అప్పటి నుంచి తెల్ల మబ్బు అంటే ఇంటి మీద బెంగ. ఆ ద్వారంలోంచి బయటికి వస్తే ఎదురుగా సముద్రం, అందులో తాబేలు ఆకారపు గ్వీషాన్ దీవి. మొదటి పలక విజయం గురించి, రెండోది ఇంటికి దూరంగా ఉన్నవాడి గురించి. అయితే ఆ బెంగ ఎవరిది? ఇలాన్ వదిలి తైపే వెళ్లేవాడిదీ కావచ్చు, సముద్రం దాటి వచ్చిన అధికారిదీ కావచ్చు. నాకు ఈ రెండో పలకే ఎక్కువ ఇష్టం.

ఆ దక్షిణ ద్వారం దగ్గరే ఒక స్మారక శిల ఉంది. ఈ పనులు చూస్తూ జబ్బుపడి చనిపోయిన ఒక జపనీస్ ఇంజినీరు పేరు మీద పెట్టింది. ఆ మరణం నిజమైన విషాదం, శిల ఉండాల్సిందే. కానీ ఆ చీకట్లో రాయి తొలిచినవాళ్లు, మట్టి మోసినవాళ్లు, మలేరియాతో పడిపోయినవాళ్ల పేర్లు ముఖద్వారాల మీద ఎక్కడా లేవు. లియు కాలంలోనూ లేవు, గోటో కాలంలోనూ లేవు. పాలకులు మారారు, పలక మీద చోటు మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్లదే.

అక్షరాలు రాని జనం తమ మాటను వేరే చోట దాచుకున్నారు. ఇలాన్‌లో పుట్టిన ఒక జానపద గీతం తైవాన్‌లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. రైలు సొరంగంలోకి వెళ్తుంది, పైకప్పు నుంచి నీటి చుక్కలు టప్ టప్‌మని రాలతాయి. పాటంతా అదే. ఆ చుక్కలు ఇలాన్ లైను సొరంగాలవేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పాట పుట్టుక గురించి వేరే కథలూ ఉన్నాయి. ఏదేమైనా గోటో తన పలక మీద వదిలేసిన ఆ పాట సగాన్ని జనమే పూరించారు. అందులో గండం లేదు, దాన్ని లొంగదీసినవాడు లేడు. నీళ్లు కారే సొరంగం, కిటికీ దగ్గర కూర్చున్న ప్రయాణికుడు ఉన్నారు.

1945లో జపాన్ వెళ్లిపోయింది. చైనా నుంచి వచ్చిన జాతీయవాద ప్రభుత్వానికి ఈ గుర్తులు కంటగింపే. అయినా అసలు దెబ్బ చాలా ఆలస్యంగా పడింది. 1972 సెప్టెంబరులో జపాన్ బీజింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గుర్తించి తైపేతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. 1974 ఫిబ్రవరిలో తైవాన్ అంతర్గత వ్యవహారాల శాఖ ఆదేశం ఇచ్చింది. జపాన్ సామ్రాజ్య ఆధిక్యాన్ని చాటే వలస కాలపు స్మారకాలను తొలగించాలి, జపాన్ సంప్రదాయ మతమైన షింటో మందిరాలను కూల్చాలి. వంతెనల మీద జపాన్ చక్రవర్తి పేరుతో లెక్కించే సంవత్సరాలుంటే వాటి స్థానంలో మింగ్వో, అంటే చైనా గణతంత్ర సంవత్సరాలు పెట్టాలి.

ఇక్కడ ఒక చిత్రమైన లెక్క ఉంది. చక్రవర్తి తైషో శకం మొదటి ఏడాది 1912. మింగ్వో మొదటి ఏడాది కూడా 1912. అంటే తైషో 13 అన్నా మింగ్వో 13 అన్నా 1924 ఒక్కటే. శకం పేరు గొరిగేసి కొత్త పేరు చెక్కితే చాలు, అంకె జోలికి పోనక్కర్లేదు. త్సావోలింగ్ కాలపు కట్టడాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. తైషో తర్వాత వచ్చిన చక్రవర్తి షోవా శకంలో కట్టినవాటితో అలా కుదరదు. షోవా 10 అంటే 1935, మింగ్వోలో 24. అంకె కూడా మార్చాలి. తైషోకు ముందటి మెయిజీ శకంలో, అంటే గోటో నాటి కట్టడాలు ఇంకా ఇబ్బంది. 1903కు మింగ్వో సంవత్సరమే లేదు, గణతంత్రానికి 9 ఏళ్ల ముందు అని రాయాలి. ఇవాళ తైవాన్ పాత వంతెనల స్తంభాల మీద, శిలల మీద ఉలి దెబ్బలు, సిమెంటు పూతలు, ఒకే తేదీలో రెండు రకాల అక్షరాలు కనిపించడానికి కారణం ఇదే.

సొరంగాల మీది పెద్ద అక్షరాలు చాలావరకు ఎందుకు బతికిపోయాయి? అవి చైనా సంప్రదాయ భాషలో, చైనా పాత గ్రంథాల మాటల్లో ఉండటం ఒక కారణం అని నాకనిపిస్తుంది. ప్రకృతి గండాన్ని లొంగదీశాం అన్న మాటలో జపాన్ పేరు లేదు. పాలకుడు స్థానిక పండితులను ఆకట్టుకోవాలని ఎంచుకున్న భాషే తర్వాత ఆ రాతకు రక్షణ అయింది.

గాలి మారింది 1985 ప్రాంతంలో. తావోయువాన్‌లోని పాత షింటో మందిరాన్ని కూల్చాలన్నప్పుడు ఆర్కిటెక్టులు, మేధావులు ఎదురుతిరిగారు. పెద్ద చర్చ జరిగింది, మందిరం నిలిచింది. రెండేళ్లకు సైనిక శాసనం కూడా ఎత్తేశారు. ఆ తర్వాత పాత స్టేషన్లు, గోదాములు, సొరంగాలు ఊళ్ల జ్ఞాపకాలుగా మారాయి. 1998లో మూతపడిన మియావోలి కొండల పాత లైను ఇప్పుడు పర్యాటకుల దారి.

మొన్నమొన్న, 2022లో, శాందియావోలింగ్ పాత సొరంగం తెరిచారు. చిత్తశుద్ధి భూమ్యాకాశాలను కదిలిస్తుంది అని దాని ద్వారం మీద ఉంటుంది. అక్కడ బాగుచేసినవాళ్లు పాత గోడను వీలైనంత ముట్టుకోలేదు, ఆవిరి ఇంజన్ల మసిని కూడా ఉంచేశారు. నా మటుకు పాత రాతలకూ అదే పద్ధతి సరైంది. చెరిపేసిన శకం పేర్లను మళ్లీ చెక్కితే 1974 మాయమవుతుంది. మిగిలిన అక్షరాలను తీసేస్తే 1924 మాయమవుతుంది. రెండూ జరిగాయి కాబట్టి రెండూ కనిపించాలి. కొత్తగా చేర్చాల్సింది పక్కన పెట్టే సమాచార బోర్డు మీద. పలక రాసిన అధికారి పేరు, హోదా ఇప్పుడు అక్కడ చదువుకోవచ్చు. 1974 ఆదేశం గురించి, అంతకన్నా ముందు కూలీల గురించి కూడా అక్కడ రాయాలి: ఎక్కడి నుంచి వచ్చారు, ఎంత కూలి ఇచ్చారు, ఎంతమంది తిరిగి వెళ్లలేదు. వలస ప్రభుత్వ కార్యాలయం దస్తావేజులు తైవాన్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఆ వెతుకులాట అక్కడి నుంచే మొదలవ్వాలి.