నేర విశ్లేషకుల శిక్షణ: ఒక్కో పాఠం వెనుక ఒక్కో వైఫల్యం

1975 నుంచి 1980 వరకు ఉత్తర ఇంగ్లండ్‌లో 13 మంది మహిళలను హత్య చేసిన పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు దర్యాప్తు సమయంలో తొమ్మిదిసార్లు ప్రశ్నించారు. తొమ్మిదిసార్లూ వదిలేశారు. హతురాలి దగ్గర దొరికిన ఒక ఐదు పౌండ్ల నోటు ఏయే కంపెనీల జీతాల కవర్లలోకి వెళ్లి ఉండొచ్చో ఆరా తీస్తే, ఆ జాబితాలో అతను పనిచేసే కంపెనీ ఉంది. రెడ్ లైట్ ప్రాంతాల్లో తరచూ కనబడిన కార్ల నంబర్లలో అతని కారు ఉంది. 1979లో ఒక జూనియర్ డిటెక్టివ్ అతనితో మాట్లాడి వచ్చి, ఈ మనిషి మీద అనుమానంగా ఉందని నివేదిక రాసిచ్చాడు. 1980లో స్వయంగా అతని స్నేహితుడే అతని పేరు రాసి ఆకాశరామన్న ఉత్తరం పంపాడు. ఇవన్నీ పోలీసుల చేతికి చేరాయి. కానీ లీడ్స్‌లోని దర్యాప్తు గదిలో లక్షల కార్డులు వేర్వేరు ఇండెక్స్‌లలో పేరుకుపోయి ఉన్నాయి. ఒకే మనిషి గురించి నాలుగు చోట్ల ఉన్న నాలుగు ముక్కలను ఒక్కచోట పెట్టి చూసే పని ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించలేదు. 1981 జనవరిలో షెఫీల్డ్‌లో గస్తీ పోలీసులు ఒక కారుకు దొంగ నంబర్ ప్లేటు ఉందని గమనించి ఆపడంతో సట్‌క్లిఫ్ దొరికాడు.

ఆ దర్యాప్తును పక్కదారి పట్టించింది కార్డుల గుట్ట ఒక్కటే కాదు. 1979లో హంతకుణ్ని నేనేనంటూ ఒకడు పంపిన క్యాసెట్‌ను ఉన్నతాధికారులు నిజమని నమ్మారు. అందులోని గొంతుకు వేర్‌సైడ్ ప్రాంతపు యాస ఉంది కాబట్టి, ఆ యాస లేనివాళ్లను అనుమానితుల జాబితా నుంచి తప్పించడం మొదలైంది. సట్‌క్లిఫ్‌కు ఆ యాస లేదు. క్యాసెట్ పంపినవాడు వేరే మనిషని 2005లో డీఎన్‌ఏ పరీక్షతో తేలింది.

నేరాల సమాచారాన్ని కలిపి చూసి పోలీసులకు అంచనాలు రాసిచ్చే నేర విశ్లేషకుల శిక్షణ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ కేసులోని రెండు తప్పులే కళ్లముందు నిలుస్తాయి. మొదటిది సమాచారాన్ని కలిపి చూడలేకపోవడం. రెండోది ఒక ఊహను రుజువుగా పట్టుకుని దాన్నే వేలాడటం. మొదటి తప్పుకు విరుగుడు త్వరగానే వచ్చింది. పోలీసు తనిఖీ విభాగానికి చెందిన లారెన్స్ బైఫర్డ్ 1981లో ఇచ్చిన సమీక్ష తర్వాత, పెద్ద కేసుల కోసం 1980ల మధ్యలో హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ బ్రిటన్‌లో అమల్లోకి వచ్చింది. రెండో తప్పును ఏ కంప్యూటరూ సరిచేయలేదు. అది మనిషికి నేర్పాల్సిన విషయం. అలా నేర్పాలన్న ఆలోచన పోలీసు శాఖలకు చాలా ఆలస్యంగా వచ్చింది.

అసలు నేరాలను లెక్కగట్టి, మ్యాపు మీద పెట్టి చూడటం కొత్త విద్యేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఆండ్రే మిషెల్ గెరీ, అడ్రియానో బాల్బీ కలిసి 1829లోనే నేరాల గణాంకాలతో మ్యాపులు వేశారు. పోలీసు పనిలోకి దాన్ని తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని బర్కిలీ పట్టణ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ గురించి. పోలీసు కాకముందు ఆయన పోస్ట్‌మ్యాన్. నేరం జరిగిన చోటల్లా మ్యాపు మీద పిన్ను గుచ్చించి, పిన్నులు ఎక్కువున్న చోటికి గస్తీ పెంచాడు. నేరస్థుడు పనిచేసే తీరును బట్టి కేసులను వర్గీకరించే పద్ధతిని యార్క్‌షైర్ పోలీసు అధికారి ల్యూవెలిన్ అచెర్లీ నుంచి తీసుకుని తన దగ్గర అమలు చేశాడు. 1908లో పోలీసుల కోసం స్కూలు పెట్టాడు, 1916లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రం కోర్సుకు నాంది పలికాడు. ఆయన శిష్యుడు ఓ.డబ్ల్యూ. విల్సన్ పోలీసు పరిపాలనపై రాసిన పాఠ్యపుస్తకం ద్వారా క్రైమ్ అనాలిసిస్ అన్న మాట శాఖల్లో స్థిరపడింది. అయితే వీళ్లు తీర్చిదిద్దింది పోలీసు అధికారులను. విశ్లేషణే వృత్తిగా కూర్చుని చేసేవాళ్లు అప్పటికి ఇంకా లేరు.

ఆ వృత్తి ఆలోచన వచ్చింది యుద్ధకాలపు గూఢచారి సంస్థల నుంచి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఓఎస్‌ఎస్ సంస్థ తన పరిశోధన విభాగంలోకి ప్రొఫెసర్లను పెద్ద సంఖ్యలో తీసుకుంది. వాళ్లలో ఒకరైన చరిత్రకారుడు షెర్మన్ కెంట్ తర్వాత సీఐఏలో అంచనాల విభాగానికి నాయకుడయ్యాడు. 1951లో ఆయన బృందం, యుగోస్లావియాపై ఆ ఏడాది దాడి జరగడాన్ని తీవ్రమైన అవకాశంగా భావించాలని నివేదిక ఇచ్చింది. కొన్నాళ్లకు విదేశాంగ శాఖ అధికారి ఒకరు, అంటే ఎంత శాతం అనుకున్నారు అని అడిగారు. దాడి జరిగే వైపే 65, జరగని వైపు 35 అని కెంట్ చెప్పాడు. అధికారి అదిరిపడ్డాడు, ఎందుకంటే ఆయన చాలా తక్కువ అనుకున్నాడు. కెంట్ తన సహచరులను ఒక్కొక్కరినీ అడిగి చూశాడు. అందరూ కలిసి ఒప్పుకుని రాసిన వాక్యమే, అయినా ఒకరి మనసులో 20 శాతం, మరొకరి మనసులో 80 శాతం. అప్పటి నుంచి ఆయన అంచనా మాటలకు అంకెలు జోడించాలని పోరాడాడు. 1964లో ఒక పట్టిక ప్రచురించాడు. అందులో దాదాపు ఖాయం అంటే 93 శాతం, అటూ ఇటూ ఆరు. జరిగే అవకాశం ఎక్కువ అంటే 75, అటూ ఇటూ పన్నెండు. ఈనాడు విశ్లేషకుల క్లాసుల్లో చెప్పే సంభావ్యత కొలబద్దలన్నిటికీ మూలం ఆ పట్టికే.

మరో ముఖ్యమైన పాఠం అదే సంస్థలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూవర్ నుంచి వచ్చింది. విశ్లేషకుల మనసు ఎక్కడ తప్పటడుగు వేస్తుందో ఆయన ఏళ్ల తరబడి రాశాడు. ఆ వ్యాసాలు 1999లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన చెప్పే ఒక ప్రయోగం ప్రతి విశ్లేషకుడూ మొదటి రోజే వినాలి. గుర్రపు పందేల ఫలితాలను అంచనా వేయడంలో అనుభవం ఉన్న ఎనిమిది మందికి పాత రేసుల వివరాలు ఇచ్చారు. మొదట తమకు ముఖ్యమనిపించిన ఐదు అంశాలే, తర్వాత పది, ఇరవై, నలభై. సమాచారం పెరిగినకొద్దీ వాళ్ల నమ్మకం పెరుగుతూ పోయింది. అంచనాల్లో కచ్చితత్వం మాత్రం సగటున ఉన్నచోటే ఉంది. హ్యూవర్ సూచించిన విరుగుడు చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ఒకే కథకు రుజువులు పోగేయకుండా, సాధ్యమైన వివరణలన్నీ పక్కపక్కనే రాసుకోవాలి. ఏ రుజువు ఏ వివరణను దెబ్బతీస్తుందో చూసుకుంటూ పోవాలి. ఎక్కువ దెబ్బలు తిన్నదాన్ని ముందు పక్కన పెట్టాలి. క్యాసెట్ కేసుకు ఈ పద్ధతి వాడి ఉంటే, ఇది ఆకతాయి పని అన్న వివరణ కూడా చివరిదాకా కాగితం మీద ఉండేది.

పోలీసు శాఖల్లోకి ఈ విద్య వేరే దారిన చేరింది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో అనకాపా సైన్సెస్ అనే సంస్థ పోలీసులకు లింక్ చార్టులు గీయడం నేర్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఏ కంపెనీ ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఎటు వెళ్లింది అన్నవాటిని గీతలతో చూపే ఆ చార్టులు వ్యవస్థీకృత నేరాల కేసుల్లో బాగా పనికొచ్చాయి. 1973లో అమెరికా జాతీయ సలహా కమిషన్, 75 మందికి మించి సిబ్బంది ఉన్న ప్రతి పోలీసు శాఖకూ పూర్తికాలపు ఇంటెలిజెన్స్ సామర్థ్యం ఉండాలని సిఫారసు చేసింది.

సరిగ్గా అప్పుడే ఈ రంగం పరువు పోయింది. పోలీసు ఇంటెలిజెన్స్ విభాగాలు నేరస్థులను వదిలేసి పౌరహక్కుల కార్యకర్తల మీద, యుద్ధ వ్యతిరేకుల మీద ఫైళ్లు తెరిచాయని 1970ల విచారణల్లో బయటపడింది. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలో ఏర్పడిన అమెరికా సెనేట్ కమిటీ కేంద్ర సంస్థల అతిక్రమణలను ఎండగట్టింది. నగరాల్లో కోర్టు కేసులు నడిచాయి, కొన్ని శాఖలు తమ విభాగాలను మూసేసుకున్నాయి. 1980లో వచ్చిన ఫెడరల్ నిబంధన ఒక హద్దు గీసింది. సహేతుకమైన నేర అనుమానం ఉంటేనే వ్యక్తి వివరాలు ఇంటెలిజెన్స్ వ్యవస్థలో ఉంచాలి, నిర్ణీత గడువులోగా సమీక్షించాలి, అవసరం లేకపోతే తొలగించాలి. ఈ పాఠాన్ని చాలా చోట్ల కోర్సు చివర్లో గంటసేపు చట్టం క్లాసుగా ముగిస్తారు. అది తప్పని నా గట్టి అభిప్రాయం. ఏ ఫైలు తెరవకూడదో తెలియనివాడికి లింక్ చార్టు నేర్పడం ప్రమాదకరం.

విశ్లేషకులకంటూ సొంత సంఘాలు ఏర్పడింది కూడా ఆ తర్వాతే. ఇంటెలిజెన్స్ విశ్లేషకుల అంతర్జాతీయ సంఘం ఐయాలియా 1980లో, క్రైమ్ అనలిస్టుల అంతర్జాతీయ సంఘం 1990లో పుట్టాయి. 1994లో న్యూయార్క్‌లో పోలీసు కమిషనర్ విలియం బ్రాటన్, ఆయన కింది అధికారి జాక్ మేపుల్ కలిసి, నేరాల లెక్కలు ముందు పెట్టుకుని అధికారులను ప్రశ్నించే కామ్‌స్టాట్ సమావేశాలు మొదలుపెట్టాక, ప్రతి నగర కమిషనర్‌కూ వారం వారం మ్యాపులు, అంకెలు కావాల్సి వచ్చాయి. ఒక్కసారిగా అనలిస్టు పోస్టులకు గిరాకీ పెరిగింది. కంప్యూటర్ తెలిసిన క్లర్కునో, తేలిక డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌నో ఆ కుర్చీలో కూర్చోబెట్టిన శాఖలు తక్కువేం కాదు. వాళ్లకు దొరికిన శిక్షణ చాలావరకు సాఫ్ట్‌వేర్ వాడకమే.

దాని ఖరీదు 2001 సెప్టెంబర్ 11 తర్వాత అందరికీ తెలిసొచ్చింది. దాడులపై విచారణ జరిపిన కమిషన్ 2004 నివేదికలో ఒక అంకె ఉంది. ఎఫ్‌బీఐ అంతర్గత పరిశీలన ప్రకారమే, ఆ సంస్థ విశ్లేషకుల్లో 66 శాతం మంది విశ్లేషణ పనికి అర్హులు కారు. ఇరాక్‌లో సామూహిక విధ్వంస ఆయుధాలు ఉన్నాయన్న అంచనా కూడా తప్పని తేలాక, అమెరికా, బ్రిటన్ రెండు దేశాల్లో దిద్దుబాటు మొదలైంది. బ్రిటన్‌లో ఆ ఆయుధాల అంచనాపై 2004లో జరిగిన బట్లర్ సమీక్ష తర్వాత ప్రభుత్వ విశ్లేషకులందరి వృత్తి ప్రమాణాలు చూసే ప్రత్యేక పదవి ఏర్పడింది. అమెరికాలో గూఢచారి సంస్థలకు 2007లో వచ్చిన ఆదేశం విశ్లేషణకు రాతపూర్వక ప్రమాణాలు పెట్టింది. మూలం ఎంత నమ్మదగినదో చెప్పాలి. తెలిసింది ఏది, ఊహించింది ఏది అన్నది విడదీసి రాయాలి. ప్రత్యామ్నాయ వివరణలు చూపాలి. ఐయాలియా అంతకుముందు 2004లోనే పోలీసు విశ్లేషకుల కోసం ఇలాంటి ప్రమాణాలు తయారుచేయడంలో పాలుపంచుకుంది. బ్రిటన్ పోలీసులు అదే ఏడాది ఏప్రిల్ నాటికి నేషనల్ ఇంటెలిజెన్స్ మోడల్‌ను అమలు చేయాల్సి వచ్చింది. ఎక్కడ బలగాలు పెట్టాలన్న నిర్ణయానికి విశ్లేషకుడి నివేదికను ఆధారం చేసిన నమూనా అది.

ఆ తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ మోజు పాత పాఠాన్నే మళ్లీ గుర్తుచేసింది. రేపు నేరం ఎక్కడ జరుగుతుందో చెబుతామన్న ప్రోగ్రాములను నగరాలు కొన్నాయి. అవి నేర్చుకున్నది పాత పోలీసు రికార్డుల నుంచి. గస్తీ ఎక్కువున్న పేటలో కేసులు ఎక్కువ నమోదవుతాయి, ఆ కేసులను చూసి మళ్లీ అక్కడికే గస్తీని పంపుతారు. 2020లో లాస్ ఏంజెలిస్ పోలీసులు అలాంటి ఒక ప్రోగ్రాము ప్రెడ్‌పోల్ వాడకం ఆపేశారు, శాంటా క్రూజ్ నగరం అలాంటి పద్ధతినే నిషేధించింది. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నమోదు చేశారు, ఏది నమోదు కాలేదు అని అడగడం అలవాటైన విశ్లేషకుడు ఉంటే ఆ చక్రం ముందే కంటబడుతుంది. కృత్రిమ మేధ పరికరాలు వచ్చి చేరుతున్న ఈ రోజుల్లో శిక్షణ గంటల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్నలకే ఇవ్వాలి.

ఇంకో పెద్ద లోటు ఉంది. పరిశోధకుడు జెర్రీ రాట్‌క్లిఫ్ 2003లో చెప్పిన నమూనాలో విశ్లేషకుడి పని రెండు దశలు. నేర వాతావరణాన్ని అర్థం చేసుకోవడం ఒకటి, నిర్ణయం తీసుకునే అధికారిని ఒప్పించడం రెండోది. ఆ అధికారి చర్య తీసుకుంటేనే నేరం మీద ప్రభావం పడుతుంది. మరి ఆ అధికారి ఎంత నేర్చుకోవాలి? అమెరికాలో 2007లో ఖరారు చేసిన కనీస ఇంటెలిజెన్స్ శిక్షణ ప్రమాణాల్లో విశ్లేషకుడికి 40 గంటలు, పోలీసు శాఖ అధిపతులకు నాలుగు గంటలు, కొత్తగా చేరే పోలీసుకు రెండు గంటలు. క్యాసెట్ నమ్మాలా వద్దా లాంటి నిర్ణయాలు తీసుకునేది ఆ నాలుగు గంటల వ్యక్తే. అధికారులకు విడిగా ప్రసంగాలు పెట్టే బదులు, విశ్లేషకుల క్లాసులోనే వాళ్లనూ కూర్చోబెట్టి, ఒకే పాత కేసు ఫైలు మీద ఇద్దరితో కలిసి పని చేయించాలి. అంచనా రాసిన మనిషీ, దాన్ని చదివే మనిషీ ఆ వాక్యం పక్కన విడివిడిగా శాతం వేసి, తేడా ఎందుకొచ్చిందో అక్కడే మాట్లాడుకోవాలి.