రాత్రి మిగిలిన అన్నం వేడి చేస్తే సరిపోతుందా?

రాత్రి మిగిలిన అన్నాన్ని మూతపెట్టి స్టవ్ పక్కనే ఉంచేసి, పొద్దున్నే వాసన చూసి, పోపన్నం చేసేయడం చాలా ఇళ్లలో మామూలే. అన్నం పారేయకూడదనే ఆలోచన మంచిదే. "బాగా వేడి చేశాంగా, ఇంకేం భయం?" అనే ధీమాతోనే చిక్కు.

బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. ధాన్యంతో పాటు మన బియ్యం డబ్బాలోకీ వస్తుంది. పరిస్థితులు బాగోలేనప్పుడు అది గట్టి కవచం కట్టుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. ఎసట్లో ఉడికినా కొన్ని సిద్ధబీజాలు చావవు. అన్నం చల్లారి గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి మేల్కొని పెరుగుతాయి. వీటిలో కొన్ని రకాలు సెర్యులైడ్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఈ విషాన్ని 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర సేపు ఉంచినా చెక్కుచెదరదు. అంటే ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా పోదు, ఇక పోపు మూకుడు ఏం చేస్తుంది? తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. అరుదుగా కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

1970ల మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వరసగా జబ్బుపడినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఫ్రిజ్‌లో పెడితే అన్నం ముద్దకడుతుందని, ముందే వండి బయట ఉంచి, ఆర్డర్ రాగానే గబగబా వేయించి ఇచ్చేవారు.

వాసన చూసి తేల్చడం కూడా కుదరదు. అన్నం పాచిపోయి కంపు కొట్టేలా చేసే క్రిములు వేరు, జబ్బు తెచ్చేవి వేరు కావచ్చు. కంపు కొడితే పారేయాల్సిందే, కానీ కొట్టనంత మాత్రాన మంచిదని కాదు.

మరి మన పెద్దవాళ్లు చద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు. కానీ పొడిగా వదిలేసిన అన్నం చద్దన్నం కాదు. నీళ్లో గంజో పోసి, చాలా ఇళ్లలో కాస్త మజ్జిగ కూడా కలిపి పెట్టేవారు. అందులో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరిగి అన్నాన్ని పులియబెడుతుంది. ఆ పులుపులో బాసిల్లస్ ఎదగలేదు. అయితే పులుపెక్కేదాకా రెండింటి మధ్యా పోటీ నడుస్తూనే ఉంటుంది. మజ్జిగ తోడు ఆ పోటీని త్వరగా తేలుస్తుంది. అందుకే అన్నం వెచ్చగా ఉండగానే తోడు కలపాలి, తెల్లారాక గుర్తొచ్చి కలిపితే లాభం లేదు. ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లడం వెనకా ఉన్నది చింతపండు పులుపే. అదే డబ్బాలో పెట్టిన కొబ్బరి చట్నీకి ఆ రక్షణ లేదు.

క్రిములు జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండినది రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. బయట 32 డిగ్రీలు దాటితే గంటలోపే, అంటే మన ఎండాకాలంలో దాదాపు రోజూ. ఒకే పెద్ద గిన్నెలో ఉంచితే నడుమ ఉన్న అన్నం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పళ్లెంలో పల్చగా పరిచి ఆరబెట్టి, చిన్న చిన్న డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లారుతుంది. ఫంక్షన్లలో మిగిలిన బకెట్ల కొద్దీ కూరలకూ ఇదే సూత్రం. హాట్‌ప్యాక్‌లో పొగలు కక్కే అన్నం పెడితే పర్వాలేదు, గోరువెచ్చని అన్నం పెట్టి మూత బిగిస్తే మాత్రం క్రిములకు చక్కటి ఇల్లు కట్టించినట్టే.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికల్లా తినేయాలి, కూరలైతే మూడు నాలుగు రోజులు ఆగుతాయి. తినబోయేంత మాత్రమే తీసి, పొగలు వచ్చేదాకా వేడిచేసుకోవాలి. కరెంటు పోతే, తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. అంతకు మించితే అన్నం, పప్పు, మాంసం కూరలు పారేయాలి. ఉప్పు, పులుపు దండిగా ఉన్న ఆవకాయకు ఢోకా లేదు.